1977లో మనం కాంగ్రెస్‌కే 41 సీట్లు ఇచ్చాం, అంటే ఎమర్జెన్సీ మనకు నచ్చినట్టేనా?

గోదారిగట్టు:
1977 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు యూపీలో 85కి, బీహార్‌లో 54కి ఒక్క సీటూ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరే ఓడిపోయారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో 41 కాంగ్రెస్‌వే. ఇక్కడి జనానికి ఎమర్జెన్సీ సెగ తగల్లేదనే కదా?

నల్లమల:
నంద్యాలను వదిలేశారు. అక్కడ జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. జూలైలో రాష్ట్రపతి కూడా అయ్యారు.

గోదారిగట్టు:
వదల్లేదండీ, ఆ 42వ సీటు అదే.

పాలమూరుపిల్ల:
ఉత్తరాదిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జనాన్ని మండించాయి. ఇక్కడ ఆ స్థాయిలో లేదు. తేడా అక్కడుంది.

నల్లమల:
నంద్యాల చిన్న విషయం కాదు. గట్టి మనిషి నిలబడితే జనం గెలిపించారు. మిగతాచోట్ల జనతాకు మనుషులేరీ? జనవరి 18న ఎన్నికలు ప్రకటించారు, మార్చిలో పోలింగ్. సెగ తగల్లేదంటున్నారు, నక్సలైట్ ఉద్యమంలోని రైతులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరి తీసింది 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీలోనే.

గోదారిగట్టు:
బీహార్‌లోనూ అవే రెండు నెలలు. అక్కడెలా గెలిచారు?

నాగాయలంక:
77 అంటే మాకు నవంబర్ 19. ఉప్పెన వచ్చిన రోజు మా నాయనమ్మ తాటిచెట్టును కావలించుకుని బతికింది. ఆమె చీర కొంగుకు కట్టుకున్న చంటివాడు బతకలేదు. దివిసీమలో వేలమంది పోయారు. ఆ సంవత్సరం గురించి మాట్లాడుతూ ఆ మాటే ఎత్తరేం?

నల్లమల:
గోదారిగట్టు గారూ, సీట్ల లెక్క పక్కన పెట్టండి. మా మేనమామ బడిపంతులు. ఒక రాత్రి అన్నం ముందు నుంచి లేపి తీసుకెళ్లారు. ఎక్కడికో చెప్పలేదు. మా అమ్మమ్మ ఆ కంచం నాలుగు రోజులు కడగలేదు. మీరు సెగ తగల్లేదంటే నాకు ఒళ్లు మండుతుంది.

గోదారిగట్టు:
మా తాత పాలేరు. ఎమర్జెన్సీలో ఇందిర పెట్టిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో ఎకరంన్నర పట్టా వచ్చింది. ఆ కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటం వెనక దాచుకున్నాడు. చదువుకున్నవాళ్ల జైలు కథలు రోజూ వింటున్నాం. మా తాత కథ ఎవరు రాశారు?

నల్లమల:
పట్టా ఇవ్వడం మంచిపనే, కాదనను. దానికోసం మా మామయ్యను జైల్లో పెట్టాల్సిన పనేముంది?

గోదారిగట్టు:
మీ మామయ్యకు జరిగింది అన్యాయమే. కానీ అంతకుముందు అన్ని ఎన్నికలు జరిగాయి, ఒక్క గెలిచినవాడూ మా తాత గుడిసె వైపు చూడలేదు. మా ఇంట్లో ఓటు ఎటు పడాలంటారు?