అప్‌డేట్: డార్క్ బీర్లన్నీ ఒకే చేదుగా ఉన్నాయన్న ప్రశ్న, కారణం తెలిసింది

ప్రయాణంలో క్రాఫ్ట్ బ్రూవరీకి (చిన్న స్థాయిలో సొంతంగా బీరు కాచే చోటు) వెళ్తే పోర్టర్ అయినా స్టౌట్ అయినా (రెండూ నల్ల బీరు రకాలే) మాడిన చేదే తగులుతోంది, ఎందుకని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "చల్లదనం కాస్త తగ్గనివ్వండి" అన్న సలహానే పనిచేసింది.

తర్వాత వెళ్లిన బ్రూవరీలో బీరు కాచే ఆయన్నే అడిగాను. 4 డిగ్రీల దగ్గర వాసనలు అణిగిపోయి చేదే పైకి తేలుతుందట. స్టౌట్‌కి 10 నుంచి 13 డిగ్రీలు బాగుంటాయన్నాడు. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు ఆగాను. ముందు కాఫీ, దాని వెనకే చాక్లెట్, చివర్లో ఎండు ఖర్జూరం లాంటి తీపి. ఇందాకటి బీరేనా అనిపించింది!

ఒకటికి మించి రుచి చూస్తే వరస కూడా చూసుకోవాలి. తేలికైన డార్క్ లాగర్ (చల్లటి చోట పులియబెట్టే నల్ల బీరు) ముందు, పోర్టర్ తర్వాత, ఆల్కహాల్ 8 శాతం దాటే ఘాటైన ఇంపీరియల్ స్టౌట్ ఆఖరున. (నా ఓటు మాత్రం పోర్టర్‌కే.)

గ్లాసు ఆకారం మార్చి చూశాను, నాకైతే తేడా తెలియలేదు. నల్లగా ఉంటే మత్తెక్కువ అన్నదీ నిజం కాదు. ఆ నలుపు బాగా వేయించిన గింజలది. డ్రై స్టౌట్‌లో (తీపి తక్కువుండే స్టౌట్) ఆల్కహాల్ సాధారణంగా 4-5 శాతమే.