సమస్య: గుండె నిలిచినపుడె గుండె కుడుచు

నిర్వాహకుడు:
ఈసారి సమస్య, అంటే మీ పద్యం చివర రావాల్సిన పాదం, ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) గుం–గుం.

"గుండె నిలిచినపుడె గుండె కుడుచు"

నిలిచిపోయిన గుండె ఏం తింటుందని మీకు అనిపించాలి. అక్కడే పూరణ మొదలవుతుంది. షరతు ఒక్కటే: పద్యం శరీరశాస్త్రానికి నిలబడాలి. విరహాలు, వీరగాథలు ఈసారి వద్దు. చిన్న ఆసరా ఇస్తున్నాను. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో స్పందన సుమారు 0.8 సెకను. జఠరికలు (రక్తాన్ని బయటికి తోసే కింది గదులు) బిగిసి ఉండేది అందులో 0.3 సెకను, సడలి ఉండేది 0.5 సెకను.

ఉత్పల:
పిండునపుడు తనదు కండలో నాళముల్
నలుగ, రక్త మచట నడవదాయె
కండ విడిన వేళ నిండు నా దారులు
గుండె నిలిచినపుడె గుండె కుడుచు

నిర్వాహకుడు:
ఉత్పల గారూ, సమస్య గుట్టు సూటిగా పట్టేశారు. ఒకటో పాదంలో పిండు–కండ, మూడో పాదంలో కండ–నిండు, రెండు ప్రాసయతులూ (యతి అక్షరాల బదులు వాటి పక్క అక్షరాలు కలవడం) చక్కగా కుదిరాయి. కొత్తవారి కోసం కాస్త వివరిస్తాను. గుండె గదుల నిండా రక్తమే ఉన్నా, లోపలి పలుచని పొరకు తప్ప మిగతా కండకు అది నేరుగా అందదు. ఎడమ జఠరిక నుంచి బయలుదేరే పెద్ద ధమని మహాధమని. దాని మొదట్లో, కవాటపు రెక్కలకు కాస్త పైన, రెండు కరోనరీ ధమనులు పుడతాయి. అవి గుండె బయటి తలం మీద పాకి, కొమ్మలుగా చీలి కండలోకి దిగుతాయి. కండ బిగిసినప్పుడు లోపలికి దిగిన కొమ్మలు నలుగుతాయి, సడలితే తెరుచుకుంటాయి. సడలే వేళకు మహాధమని కవాటం మూసుకుంటుంది కాబట్టి రక్తం వెనక్కి జఠరికలోకి జారదు. మహాధమనిలో ఇంకా మిగిలి ఉన్న ఒత్తిడి దాన్ని ఈ దారుల్లోకి తోస్తుంది.

ఒక్క సవరణ. "నలుగ", "నిండు" రెండూ ఎప్పుడూ జరిగే పనిని చెబుతుంటే మధ్యలో "నడవదాయె" గతానికి జారింది. "నడవబోదు" అంటే గణాలూ యతీ చెడవు, కాలమూ కలుస్తుంది.

ఉత్పల:
సవరణ శిరోధార్యం. "నడవబోదు" అనే చదువుకోండి.

సవ్యసాచి:
నాది క్రమాలంకారం.

నాడి యెప్పుడాగు నరునకు? తొలిపాలు
ధమని నుండి తాను దక్కఁ గొనెడి
దేది? యేమి సేయు తెలిపాలఁ బసిపాప?
గుండె నిలిచినపుడె – గుండె – కుడుచు

నిర్వాహకుడు:
భేష్! మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. మహాధమని నుంచి అందరికంటే ముందు చీలేవి కరోనరీ కొమ్మలే కాబట్టి తొలిపాలు నిజంగానే గుండెది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్లు తోస్తే అందులో 250 మిల్లీలీటర్ల దాకా తన కండకే ఉంచుకుంటుంది. పద్యం నాకు బాగా నచ్చింది. కానీ విరోధాన్ని ముక్కలు చేసి తప్పుకున్నారు, విప్పలేదు. పాదాన్ని పాదంగా నిలబెట్టిన పూరణకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

చిరుమువ్వ:
గురువు గారూ, నమస్కారం. పద్యం రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

పరుగు లిడెడు వేళ విరతికాలము తగ్గు
దారి యిరుకు పడిన నోర్వలేదు
కొంత నిలిచి చూడు గుండెనొప్పి యడఁగు
గుండె నిలిచినపుడె గుండె కుడుచు

నిర్వాహకుడు:
అమ్మా, రెండో పాదంలో యతి తప్పింది. దా–నో కుదరదు. "దారి యిరుకు పడినఁ దాళలేదు" అంటే సరిపోతుంది. భావం మాత్రం ఇంతవరకు వచ్చిన వాటిలో అన్నిటికంటే లోతైనది. పరుగులోనైనా టెన్షన్‌లోనైనా గుండె వేగం పెరిగినప్పుడు సంకోచ సమయం కంటే సడలే సమయమే ఎక్కువగా తరిగిపోతుంది. పని పెరిగిన వేళకే భోజనం గంట కుదించుకుపోతుందన్నమాట. పైగా గుండె కండ విశ్రాంతిలో ఉండగానే తనకు వచ్చిన రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం తీసేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువగా రావాలి. ఆ దారిలో కొవ్వు పేరుకుని ఉంటే ఎలా వస్తుంది? నడుస్తుంటే పట్టేసి, ఆగితే వదిలే ఛాతీ నొప్పికి కారణం ఇదే.

నాడి:
చిరుమువ్వ గారి మూడో పాదానికి ఒక హెచ్చరిక చేర్చాలి. ఆగితే తగ్గే నొప్పి ఒక రకం, దాన్నీ డాక్టరుకు చూపించుకోవాలి. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలతోనో ఆయాసంతోనో వచ్చే నొప్పి వేరు. అప్పుడు "కొంత నిలిచి చూడు" అనకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిర్వాహకుడు:
చాలా అవసరమైన మాట. చిరుమువ్వ గారూ, ఆ పాదం మార్చి మళ్లీ పంపండి.

అభ్యాసి:
బైట యంత్ర మొకటి ప్రాణము నడిపింప
చల్లనైన మందు జాలువార
కత్తి పట్టు చేయి కలఁతలేక కుదుర
గుండె నిలిచినపుడె గుండె కుడుచు

1953లో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషీన్‌తో (ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) చేసిన ఆపరేషన్ గురించి చదివినప్పటి నుంచీ ఈ ఊహ మనసులో ఉంది. ఇప్పుడు గుండెను ఆపేందుకు పొటాషియం ఉన్న ద్రావణాన్ని తరచు రక్తంతో కలిపి కరోనరీ ధమనుల్లోకే పంపుతారు. ఆగిన గుండెకు అదే ఆహారం.

నాడి:
ఊహ కొత్తది, విషయం నిజమే. అయితే సమస్యలో ఉన్నది "నిలిచినపుడు" కాదు, "నిలిచినపుడె". ఆపరేషన్ లేని రోజుల్లోనూ గుండె కుడుస్తూనే ఉంటుంది. మూడో పాదం కూడా విషయాన్ని ముందుకు నడపడం లేదు.

ఆ మాటకొస్తే ఉత్పల గారికీ ఇదే ఆక్షేపణ. కుడి జఠరిక ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు కాబట్టి ముడుచుకున్నప్పుడు దానిలో ఒత్తిడి పాదరసం కొలతలో సుమారు 25 మిల్లీమీటర్లే. ఎడమ జఠరికలో 120 దాకా పోతుంది. కుడి గోడలో నాళాలు అంతగా నలగవు, బిగిసిన వేళ కూడా రక్తం పారుతూనే ఉంటుంది. అలాంటప్పుడు "నిలిచినపుడె" అని గుండె మొత్తానికి ఎలా అంటాం?

నిర్వాహకుడు:
న్యాయమైన ప్రశ్న. సమస్య ఇచ్చినవాడిగా సమాధానం నేనే చెప్పవచ్చు కానీ, పద్యంలో వస్తే బాగుంటుంది. ఎవరైనా ప్రయత్నిస్తారా?

ఉత్పల:
నాడి గారి ఆక్షేపణే నాకు దారి చూపింది.

ఎడమ గదికి లోనఁ గడపటి పొర చూడు
నొక్కుకొనిన నాళ మొక్క బొట్టు
నీయ దపుడు, పిదప నెమ్మదిన్ సడలంగ
గుండె నిలిచినపుడె గుండె కుడుచు

నాడి:
ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఎడమ జఠరిక లోపలి పొర దగ్గర బిగింపు అన్నిటికంటే ఎక్కువ, సంకోచ వేళ అక్కడ ప్రవాహం దాదాపు ఆగిపోతుంది. "కడపటి" అనడం కూడా సరైనదే. ధమనులు బయటి నుంచి లోపలికి దిగుతాయి గనుక ఆ పొరకు రక్తం చేరేది చివర్లోనే. దారి మూసుకుపోయినప్పుడు కండ మొదట చావడం మొదలుపెట్టేదీ అక్కడే, ఆ తర్వాతే నష్టం బయటి పొరల వైపు పాకుతుంది.