అప్‌డేట్: పాపకి పువ్వు పేరు కుదిరింది

కేతకి, పారిజాత, వకుళ – వీటిలో పాపకి ఏ పేరు పెట్టాలి, ముద్దుపేరు ఏమిటి అని ఇంతకుముందు అడిగాను. వకుళ ఖాయం చేశాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది, పేరుని కోపంగా, ముద్దుగా, హడావిడిగా పైకి పిలిచి చూడమన్న సలహా. కేతకి కాసేపటికే కేతు అయిపోయింది. నవగ్రహాల్లో ఒకరిని రోజూ ఇంట్లో పిలవడం ఎందుకని వదిలేశాం! పారిజాత అందరి నోట్లోనూ పారి దగ్గరే ఆగిపోయింది. వకుళ అంటే పొగడ. ఆ పూలు ఎండినా వాసన పోదు, మా ఆవిడ దానికే పడిపోయింది.

ముద్దుపేరు అసలు పేరులోంచే రావాలన్న రూలేమీ లేదని ఒకరన్నారు కదా, అందుకే ఇంట్లో జాజి. ఇంగ్లీషు స్పెల్లింగ్ గురించి పడ్డ టెన్షన్ మాత్రం దండగ, వకుళకి ఆ చిక్కే రాలేదు.