స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో తప్పును అక్కడికక్కడే దిద్దాలా?

కొత్తపలక:
పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్నాను. వ్యాకరణం తగ్గించి, మాట్లాడించడం మీదే క్లాసు నడుపుతున్నాను. మొన్న ఒకావిడ ఆఫీసులో జరిగిన గొడవ గురించి మంచి ఊపులో చెప్తూ, మధ్యలో "యెస్టర్‌డే హి టెల్ మీ" అన్నారు. "టోల్డ్" అని అందించాను. "ఆ, టోల్డ్" అని ఆగిపోయారు, ఆ కథ మళ్లీ ఎత్తుకోలేకపోయారు. పోనీ దిద్దకుండా వదిలేద్దామా అంటే, "మేం వచ్చిందే తప్పులు దిద్దించుకోవడానికి కదా" అంటారు ఇంకొకాయన. మీరైతే ఏం చేస్తారు?

వ్యాకరణప్రియ:
దిద్దాల్సిందే, అప్పటికప్పుడే. వదిలేసిన తప్పు నాలుకకు అలవాటైపోతుంది. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో ఏళ్ల తరబడి చదివిన, ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లల సంగతి చూడండి. విని అర్థం చేసుకోవడంలో దిట్టలు, మాట్లాడితే మాత్రం క్రియారూపాలూ లింగాలూ తప్పులే. భాష చెవిన పడితే అదే వస్తుందన్న నమ్మకం అక్కడే బీటలు వారింది.

నల్లబల్ల:
వ్యాకరణప్రియ గారూ, కెనడా సంగతి నిజమే. కానీ ఆ పిల్లల్ని చూసి మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో చెప్పింది వేరు. వాళ్లు వినడం బాగానే విన్నారు, తమంతట తాము వాక్యాలు కూర్చుకుని మాట్లాడక తప్పని పరిస్థితే పెద్దగా రాలేదు అని. అంటే ఆ ఉదాహరణ ఎక్కువగా మాట్లాడించమని చెప్తోంది, మధ్యలో ఆపమని కాదు.

అలాంటి క్లాసుల్నే రాయ్ లిస్టర్, లీలా రాంటా పరిశీలించి 1997లో రాశారు. టీచర్లు అన్నింటికంటే ఎక్కువగా వాడే పద్ధతి, పిల్లవాడి వాక్యాన్నే సరిచేసి తిరిగి అనడం. పిల్లలు అతి తక్కువగా అందుకున్నదీ దాన్నే! "నిన్నటి సంగతి కదా, ఎలా అంటాం?" అని వాళ్ల నోటితోనే రప్పించినప్పుడు ఫలితం చాలా మెరుగు. కొత్తపలక గారి క్లాసులో ఆవిడ "ఆ, టోల్డ్" అన్నారంటే నేర్చుకున్నారని కాదు, మీ మాటకు తలూపారంతే. ఆవిడ మనసంతా గొడవ మీద ఉంది.

నేను చేసేది చెప్తాను. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకే సంగతిని మూడుసార్లు చెప్పిస్తాను, ప్రతిసారీ కొత్త జోడీకి. మొదట 4 నిమిషాలు, తర్వాత 3, ఆఖరున 2. భాషాబోధన మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ 1989లో దీని గురించి రాశారు. మొదటి విడతలో నోరెత్తను, నోట్‌బుక్‌లో రాసుకుంటూ తిరుగుతాను. అది అవగానే ఎవరి పేరూ లేకుండా మూడు నాలుగు వాక్యాలు బోర్డు మీద పెడతాను. "షి డోంట్ కమ్", "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" లాంటివి. వాళ్లే పట్టుకుని దిద్దుతారు. వెంటనే రెండో విడత. దిద్దిన మాటను అదే కథలో మళ్లీ వాడే అవకాశం అప్పుడే వస్తుంది. దిద్దుబాటును క్లాసు చివరికి నెట్టి "ఇవీ మీ తప్పులు" అని పంపించేస్తే ఏమీ మిగలదు, నా గట్టి అభిప్రాయం ఇది.

వ్యాకరణప్రియ:
బ్యాచ్ పెద్దదైతే అన్ని జోడీల మాటలూ మీ చెవిన పడవు. పైగా అర్థమే మారిపోయే తప్పులుంటాయి. వాటికీ నోట్‌బుక్కేనా?

నల్లబల్ల:
అన్నీ వినలేను, వినక్కర్లేదు కూడా. ఒక బ్యాచ్‌లో చాలామంది అవే తప్పులు చేస్తారు. ఇక అర్థం మారిపోతే వెంటనే ఆపుతాను, కానీ వినేవాడిగా. "ఆయన వచ్చాడా, రాలేదా? నాకు అర్థం కాలేదు" అంటాను. బయట ఎవరైనా అడిగేది అదేగా. అప్పుడు వాక్యాన్ని వాళ్లే సరిచేసుకుని మళ్లీ చెప్తారు.

వెనకబెంచీ:
నేను నేర్చుకునేవాడిని. దిద్దడం కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. మాట కోసం వెతుక్కుంటుంటే టీచర్ చటుక్కున అందించేస్తారు. నోటి చివర ఉన్న మాట కాస్తా ఎగిరిపోతుంది. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

నల్లబల్ల:
ఇది అందరూ చదవాలి. 1970లలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు సైన్సు క్లాసుల్ని గమనిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది సుమారు ఒక్క సెకను. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తమంతట తాము చెప్పేవాళ్లూ పెరిగారు. సొంత భాషలోనే అంత తేడా ఉంటే పరాయి భాషలో ఇంకెంత ఆగాలో చూడండి.

కొత్తపలక:
వచ్చే క్లాసులో 4-3-2 పెడతాను. దిద్దమని పట్టుబట్టే ఆయనకు ఏం చెప్పను?

నల్లబల్ల:
మొదటి విడతలో ఆయన అన్న వాక్యం ఒకటి చీటీ మీద రాసి ఇవ్వండి. రెండో విడతకు ముందు ఆయన్నే సరిచేయనివ్వండి. దిద్దడం లేదన్న మాట ఇక రాదు.

వ్యాకరణప్రియ:
చీటీ సంగతి బాగుంది, వాడతాను. అయినా ఆ రోజు పాఠం భూతకాలమే అయితే, భూతకాలంలో దొర్లిన తప్పును అక్కడే ఆపి వాళ్ల చేతే చెప్పిస్తాను. మిగతావాటికి మీ నోట్‌బుక్ పద్ధతి. ఇంతకంటే వెనక్కి తగ్గను.