పుక్కిటి పురాణం అంటే తిట్టేనా?

మద్దిలపాలెం నుంచి:
మాష్టార్లకీ అక్కలకీ నమస్కారం. ఒక మాట కావాలి. కాలేజీలో కొత్త కాలపు జానపదం మీద సెమినారుంది. నేను తీసుకున్నది "ట్విచ్ ప్లేస్ పోకెమాన్". తెలియనివారికి సంగతి చెప్తాను. 2014 ఫిబ్రవరి 12న, పేరు బయటపెట్టని ఒక ఆస్ట్రేలియా ప్రోగ్రామరు పాత గేమ్‌బాయ్ ఆట పోకెమాన్ రెడ్‌ని ట్విచ్ అనే వీడియో సైట్‌లో లైవ్ పెట్టాడు. పోకెమాన్‌లంటే ఆ ఆటలో పట్టి పెంచుకునే వింత జంతువులు. ఆడేది ఒకడు కాదు. చాట్‌లో ఎవరు అప్, డౌన్, ఎ, బి అని కొట్టినా బొమ్మ అలగే కదుల్తుంది. ఒక దశలో ఒకేసారి 1,21,000 మంది చూశారు, మొత్తం మీద 11 లక్షల పైచిలుకు మంది చెయ్యి వేశారు. జగదాంబ జంక్షన్లో ఒక్క స్కూటరు హ్యాండిలు ఊరంతా పట్టుకున్నట్టు అనుకోండి. గోడలకి గుద్దుకుంటూ, ఎక్కిన గట్టు మీంచి మళ్ళీ మళ్ళీ దూకేస్తూ, 16 రోజులు దాటాక మార్చి 1న ఆట గెలిచేశారు!

నాకు కావలసింది ఆ మధ్యలో పుట్టిన కథలు. ఇంతమంది నొక్కుళ్ళకి సంచీ ఊరికే తెరుచుకునేది, చెయ్యి వెళ్ళి హీలిక్స్ శిలాజం మీద పడేది. అది అక్కడ పనికిరాదు. "ఇది దాన్ని వాడే సమయం కాదు" అని ఓక్ ప్రొఫెసరు మాట తెర మీద వస్తుంది. మళ్ళీ తెరవడం, మళ్ళీ అదే మాట. జనం ఏమన్నారంటే, ఆటగాడు శిలాజాన్ని సలహా అడుగుతున్నాడు, అది దేవుడు అన్నారు. తీసుకోకుండా వదిలేసిన డోమ్ శిలాజం ఆ దేవుడికి శత్రువైపోయింది. ఈవీ అనే పోకెమాన్‌ని నీళ్ళ మీద వెళ్ళగల వేపోరియన్‌గా మారుద్దామనుకుంటే పొరపాటున అగ్గిరాయి తగిలి ఫ్లేరియన్ అయింది, దానికి "దొంగ ప్రవక్త" అని పేరు పడింది. ఫిబ్రవరి 23 ఆదివారం, పోకెమాన్‌లని దాచే పెట్టెలోంచి జాప్డోస్ అనేదాన్ని తియ్యబోయి 12 పోకెమాన్‌లని శాశ్వతంగా వదిలేసుకున్నారు. అది "నెత్తుటి ఆదివారం".

దీన్నంతటినీ ఇంగ్లీషులో లోర్ అంటారు. తెలుగులో ఏమనాలి? మా మేడంగారు "పుక్కిటి పురాణాలు" అని రాసెయ్యమన్నారు. అది తిట్టు కదండీ?

సీతమ్మధార మాష్టారు:
ఇప్పుడు తిట్టే బాబూ, పుట్టుక మాత్రం తిట్టు కాదు. పుక్కిలి అంటే బుగ్గ లోపలి చోటు. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తామే, అదే. వాకిలి వాకిటి అయినట్టు, కౌగిలి కౌగిటి అయినట్టు, పుక్కిలి పుక్కిటి అయింది. తాటాకు మీదకి ఎక్కని, నోట్లోనే ఉండే పురాణం అని మాటకి మాట అర్థం. తమాషా ఏమిటంటే, "శాస్త్రాలన్నీ పుక్కిట పట్టిన పండితుడు" అంటే పొగడ్త. అదే పుక్కిట్లో శాస్త్రం ఉంటే పాండిత్యం, పురాణం ఉంటే అబద్ధం! ఈ తేడా ఎవరు పెట్టారో ఊహించుకోవచ్చు. పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్ళే పెట్టి ఉంటారు.

గాజువాక నుంచి:
గురువుగారూ, ఆ ఆటలో రెండు పద్ధతులుండేవి. అనార్కీ అంటే ఎవరు కొట్టింది వాళ్ళది వరసగా నడిచిపోద్ది. డెమోక్రసీ అంటే కాసేపు ఓట్లు లెక్కేసి ఎక్కువమంది అడిగింది మాత్రమే నడుపుద్ది. హీలిక్స్ భక్తులు చాలామంది అనార్కీ పక్షం. మరి "అరాచకం" అని రాస్తే వాళ్ళని తిట్టినట్టు కాదేటి? మా గ్యాంగులో అయితే అరాచకం అంటే "అదిరిపోయింది" అని అర్థం.

సీతమ్మధార మాష్టారు:
నిక్షేపంగా రాయొచ్చు. సంస్కృతంలో అరాజకం, రాజు లేనిది అని మాత్రమే. మన నోట్లో పడి అరాచకం అయ్యాక దౌర్జన్యం అనే అర్థం వచ్చి కూర్చుంది. మీ గ్యాంగు మళ్ళీ దాన్ని మెచ్చుకోలు చేసిందంటే సంతోషమే.

స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ అక్క:
ఇలగ దిగజారిన మాట ఇంకోటుంది, "సోది". ఎరుకలసాని చెయ్యి పట్టి, అమ్మవారిని తలుచుకుని చెప్పేది సోది. సోదికి వెళ్తే పాత రంకులు బయటపడ్డాయని సామెత కూడా ఉంది కదా, అంటే సోదిలో నిజాలు బయటికొస్తాయన్న భయం జనానికి ఉండేదన్నమాట. ఇప్పుడు మా అబ్బాయి "అమ్మా, సోది ఆపు" అంటాడు. నోటి మాట మీద బతికినవాళ్ళ మాటలన్నీ ఇలగే అయ్యాయి. బాబూ, నీ శిలాజాన్ని మాటిమాటికీ తీసి అడగడం అచ్చం సోది అడగడమే, అలగే రాసుకో.

బురుజుపేట నుంచి:
నేను ఒప్పుకోను. పురాణం అంటే నమ్మినవాడు ఒకడైనా ఉండాలి. ఈ ఆటవాళ్ళు వేళాకోళానికి దేవుణ్ణి చేశారు. మా కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి పైకప్పు లేదు. ఎందుకు లేదో మా వీధిలో ఇంటికో కథ చెప్తారు, నమ్మే చెప్తారు. రెండింటినీ ఒకే గాట కడితే ఎలా?

మద్దిలపాలెం నుంచి:
ఒకే గాట కట్టడం లేదండీ, అమ్మవారి మాట వేరు. కానీ కథ పుట్టే తీరు చూడండి. ముందు ఒక వింత కళ్ళముందు ఉంటుంది, పైకప్పు లేకపోవడమో, వద్దన్నా సంచీ తెరుచుకోవడమో. తర్వాత "ఎందుకు" అని ఎవరో అడుగుతారు. మన విశాఖపట్నం పేరు వైశాఖేశ్వరుడి గుడి మీద వచ్చిందనీ, ఆ గుడిని సముద్రం మింగేసిందనీ చెప్పుకుంటాం. గుడి చూసినవాళ్ళు లేరు, చెప్పనివాళ్ళూ లేరు. పోకెమాన్ కథలకీ రచయిత లేడు. పొరపాటు లక్షమంది చేసినప్పుడు ఎవర్ని తప్పుపడతాం? అందుకే తప్పంతా ఫ్లేరియన్ మీద వేశారు. వేళాకోళంగానే మొదలైంది, ఒప్పుకుంటాను. ఆటలోని సినబార్ దీవి ప్రయోగశాలలో హీలిక్స్ శిలాజానికి ప్రాణం పోస్తే ఓమనైట్ అనే పోకెమాన్ లేచింది. ఆ రోజు చాట్‌లో పండగ చేసుకున్నవాళ్ళంతా వేళాకోళమే ఆడారంటే నేను నమ్మలేను.

బురుజుపేట నుంచి:
తప్పు మొయ్యడానికి ఒకణ్ణి వెతుక్కున్నారన్నావు చూడు, అది మాత్రం నిజమే. మిగతాది ఒప్పుకోను.

సీతమ్మధార మాష్టారు:
నా ఓటు పుక్కిటి పురాణానికే. మొదటి పేరాలోనే మాట పుట్టుక చెప్పెయ్యి, తిట్టు అనుకోరు. ఒక్క సందేహం. పురాణం పక్కన కాకుండా, మామూలు మాటగా పుక్కిలి ఎవరింట్లోనైనా వాడుతున్నారా?

పెదజాలారిపేట నుంచి:
మా మామ్మ వాడేది మాష్టారూ. అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట మండే కొస నోటి లోపలికి పెట్టి. "గుంటా, పుక్కిట్లో నిప్పుంది, నవ్వించకు" అనేది. ఆ చుట్ట తియ్యకుండానే మాకు రాత్రంతా కథలు చెప్పేది.