సమస్య: పొమ్మనంగ వచ్చె పొంగి ప్రేమ

నిర్వాహకులు, రావులపాలెం:
ఈ వారం సమస్యగా ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇస్తున్నాం. దానికి ముందు మూడు పాదాలూ రాసి పద్యం పూర్తి చేయడమే మీ పూరణ.

పొమ్మనంగ వచ్చె పొంగి ప్రేమ

పూరణలో ‘ఫేర్‌వెల్’ అన్న ఇంగ్లిష్ మాట గానీ, దాని అర్థం గానీ పనిచేయాలి. పొమ్మంటే మనసు నొచ్చుకుంటుంది కదా, ప్రేమ ఎలా పొంగుతుంది? చిక్కు అక్కడే ఉంది, విడుపు ఆ ఇంగ్లిష్ మాటలో ఉంది. పాత ఇంగ్లిష్‌లో ‘ఫేర్’ అంటే ప్రయాణం చేయడం, ‘వెల్’ అంటే బాగా. బయల్దేరిన మనిషితో ‘క్షేమంగా వెళ్లు’ అని చెప్పే మాట అది. బస్సు టికెట్టు ధరను ఫేర్ అనడం కూడా ఆ వేరులోంచి వచ్చిందే. ఆ రెండు ముక్కలూ తిరగేస్తే వెల్‌ఫేర్, మన హాస్టళ్ల బోర్డుల మీద ఉండే మాట. గుడ్‌బై పుట్టుక వేరు. ‘దేవుడు మీకు తోడుండుగాక’ అనే ఇంగ్లిష్ వాక్యం 16వ శతాబ్దంలో నోళ్లలో నలిగి అలా పొట్టిదైంది. అందులో ‘వెళ్లు’ అన్న ముక్క లేదు, కాబట్టి మన సమస్యకు అతకదు.

ఇంకొకటి. ‘పొంగి ప్రేమ’లో ‘గి’ లఘువే, అంటే పొట్టి అక్షరమే. విడి తెలుగు పదం తర్వాత వచ్చిన సంయుక్తాక్షరం ముందున్న అక్షరాన్ని గురువు (దీర్ఘంగా లెక్కించే అక్షరం) చేయనక్కర్లేదు.

పాలకొల్లు, తెలుగు మాస్టారు:

ఫేరువెల్లనంగ పెనుదారి సుఖముగా
సాగుమనుట యాంగ్ల జనుల రీతి;
పోయిరా యటంచు పుట్టింటి వాకిట
పొమ్మనంగ వచ్చె పొంగి ప్రేమ.

నిర్వాహకులు:
మాస్టారూ, యతులు (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని అక్షరానికీ పొంతన) చక్కగా కుదిరాయి. ‘ఫేరువెల్లు’ అని అచ్చుతో ముగిసేలా అజంతం చేసి మాటను పద్యంలో ఇమిడ్చిన తీరు బాగుంది. ఒక్క సందేహమండీ. ‘పోయిరా యటంచు’ అన్నాక మళ్లీ ‘పొమ్మనంగ’ అంటే చెప్పిందే చెప్పినట్టు లేదా?

పాలకొల్లు, తెలుగు మాస్టారు:
కావాలనే పెట్టానండి. మన ‘పోయిరా’లో ‘రా’ ఉంది. ఫేర్‌వెల్‌లో తిరిగి రమ్మనడం లేదు, వెళ్లడం వరకే. వాకిట్లో నిలబడ్డ తల్లి పైకి పొమ్మంటోంది గానీ, నోట్లోంచి వచ్చింది ‘రా’తో ముగిసే మాట. ప్రేమ అక్కడ బయటపడింది.

రామచంద్రపురం, డిగ్రీ విద్యార్థిని:
మొదటిసారి రాస్తున్నానండి. మా కాలేజీ ఫేర్‌వెల్ గురించి.

చదువు ముగిసె మాకు సారుకు కన్నీరు
నిండె కళ్ల ఫేరువెల్లు నాడు;
బెత్తమెత్తి మమ్ము బెదిరించు నోరిట్లు
పొమ్మనంగ వచ్చె పొంగి ప్రేమ.

నిర్వాహకులు:
గణాలన్నీ (లఘువు గురువుల గుంపులు) సరిపోయాయమ్మా. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. ‘ని’కి ‘వె’ చెల్లదు.

పాలకొల్లు, తెలుగు మాస్టారు:
‘వెల్లువాయె ఫేరువెల్లు నాడు’ అని మార్చు తల్లీ. యతీ కుదురుతుంది, కన్నీరు వెల్లువ కావడం సమస్యలోని ‘పొంగి’కి ముందే దారి వేస్తుంది.

కాకినాడ, ఇంగ్లిష్ లెక్చరర్:
ఈ అమ్మాయి వాడుక సరైనది. ‘జూనియర్లు ఫేర్‌వెల్ ఇచ్చారు’ అంటాం. ఎదుటి మనిషి మొహం చూసి ‘ఫేర్‌వెల్’ అని మనం అనం. ఇంగ్లిష్‌లో కూడా ఇవాళ ఎక్కువగా ఫేర్‌వెల్ స్పీచ్, ఫేర్‌వెల్ పార్టీ అంటూ సభలకే వాడతారు. నేరుగా మనిషితో అంటే పాతకాలపు బరువు వస్తుంది, మళ్లీ కలుస్తామో లేదో అన్న ధ్వని కూడా. సాయంత్రం ఇంటికెళ్తూ తోటి ఉద్యోగితో ‘బై’ అంటే చాలు. పిల్లలు పరీక్షల్లో గుడ్‌బైకీ దీనికీ తేడా లేకుండా రాసేస్తుంటారు, అందుకే ఇంతగా చెప్తున్నా.

సఖినేటిపల్లి నుంచి ఒక అక్కగారు:

గల్ఫుకేగు తల్లి కడసారి బిడ్డను
హత్తుకొన్న వేళ నత్త కదిలి
ప్రాణమల్లె చూతు పాపను నేనంచు
పొమ్మనంగ వచ్చె పొంగి ప్రేమ.

మా రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి నరసాపురం చేరి, అక్కడ రైలెక్కి గల్ఫ్‌కు వెళ్లిన ఆడవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. పిల్లల్ని పెంచేది ఎక్కువగా అత్తలో అమ్మలో. ఆ అత్త నోటి పొమ్ము నేను విన్నది.

నిర్వాహకులు:
అక్కా, సాధారణంగా అత్తను కఠినంగా చూపించేసి పొమ్మనిపిస్తారు. మీరు ఆవిడ చేతికి పాపను ఇచ్చి పొమ్మనిపించారు. సమస్యలో ఉన్న విరోధం పూర్తిగా విడిపోయింది. అయితే ‘కడసారి’ నాకు గుచ్చుకుంది. సంపాదించుకుని తిరిగొచ్చే మనిషిని అలా అనొచ్చా?

సఖినేటిపల్లి:
వాళ్లు తిరిగొచ్చేసరికి పిల్లలు కొత్త మనిషిని చూసినట్టు చూస్తారండి. చంకలో ఉన్న పాపను ఎత్తుకోవడం నిజంగా అదే ఆఖరు.

కాకినాడ:
ఫేర్‌వెల్‌లోని బరువు ఆ ‘కడసారి’లో ఉంది. అర్థపరంగా నేను అక్క వైపే.

పాలకొల్లు:
వివరణ బాగుంది గానీ ఆ వివరణ పద్యంలో లేదు. చదివేవాడికి చావు కబురులా వినిపిస్తుంది. ‘కన్నీట’ అంటే గణమూ యతీ రెండూ చెడవు: ‘గల్ఫుకేగు తల్లి కన్నీట బిడ్డను’.

నిర్వాహకులు:
మాస్టారి సవరణే నా ఓటు. బయల్దేరే మనిషి ముందు అశుభం పలకకపోవడం మన ఇళ్లలో మర్యాద.

ఆలమూరు నుంచి రైతు:

ఆనకట్ట విడిచి యావల సంద్రాన
కలియనేగు వేళ గౌతమి కని
పొలము తడిపినట్టి పుణ్యంబు దలచుచు
పొమ్మనంగ వచ్చె పొంగి ప్రేమ.

నిర్వాహకులు:
గోదావరి పాయ గౌతమిని సాగనంపడం, ఊహ గొప్పది. పొమ్మన్నది ఎవరో లేదు. మూడో పాదం ‘పొలము తడిపినట్టి పుణ్యాన రైతన్న’ అంటే కర్త దొరుకుతాడు.

ధవళేశ్వరం, రిటైర్డ్ ఇరిగేషన్ ఉద్యోగి:
పద్యం బాగుంది, విషయం ఒకటి చూడాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట పనే నీటిని ఆపి కాలువలకు మళ్లించడం. పొలం తడిపేది కాలువ నీరు. ఆనకట్ట దాటి సముద్రంలో కలిసే నీరు వేరు.

ఆలమూరు:
నీళ్లు వేరైనా నది ఒకటే కదండీ. మాకు తడి ఇచ్చింది ఆవిడే, వెళ్లేదీ ఆవిడే.

నిర్వాహకులు:
ఆ సమాధానం ఒప్పుకుంటున్నాను. ఈ వారం ఉత్తమ పూరణ ‘కన్నీట’ సవరణతో సఖినేటిపల్లి అక్కగారిది. విద్యార్థిని తన పద్యాన్ని సవరించి మళ్లీ పెట్టాలి. వచ్చే వారానికి సమస్య, ఇదీ ఆటవెలదే: ‘రేవు దాటి పోయె రేపు నేడు’. పూరణలు ఆదివారం సాయంత్రంలోగా పంపండి.