ఒకే వాన, గుట్ట మీద టేకు, కింద రేగడిలో ఒట్టి తుమ్మలు. ఎందుకిట్లా?

కిన్వట్‌_పత్తిచేను:
మాది నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు, గుట్ట కింద రేగడి చేను. గుట్ట మీద మొరం, జానెడు మట్టి కూడా ఉండదు, అయినా టేకు, తునికి, మోదుగ బాగానే ఉన్నాయి. మా గట్ల మీద మాత్రం నల్లతుమ్మ, రేగు తప్ప ఏదీ ఆగట్లేదు, టేకు మొక్కలు వానాకాలంలోనే పసుపుపచ్చబడి పోతున్నాయి. నీళ్లు ఎక్కువ పట్టే నేలలోనే కదా చెట్లు బాగా రావాలి? ఈ జూన్‌లో ఏం పెట్టమంటారు?

మట్టివాసన:
అన్నా, నేల ఎంత నీరు పట్టుకుంటుందన్నది ఒకటి, వేరుకు ఎంత వదులుతుందన్నది వేరే. రేగడిలో రేణువులు చాలా సన్నం, నీరు వాటికి గట్టిగా అతుక్కుంటుంది, అందుకే మొక్క వాడిపోయినా మట్టిలో ఇంకా తడి ఉంటుంది. పైగా చిన్న వాన రేగడి పైపొరలోనే ఆగి ఆవిరైపోతుంది, అదే వాన ఇసుకలో, మొరంలో ఎండ అందనంత లోతుకు దిగుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త నోయ్‌మెయిర్ 1973లో ఎడారుల గురించి ఇదే రాశాడు, వాన బాగా తక్కువున్న చోట బంకమట్టి కంటే ఇసుక నేలే మేలని. మీ గుట్ట సంగతీ అంతే.

గోదారి_ఒడ్డు:
ఆ సూత్రం నిజమే గానీ కిన్వట్‌కు అతకదు. 1988లో అమెరికా గడ్డి మైదానాల లెక్కల్లో ఇసుక మేలా, బంకమట్టి మేలా అన్నది తారుమారయ్యే హద్దు ఏడాదికి దాదాపు 370 మి.మీ. వాన దగ్గర తేలింది, మన దగ్గర దానికి రెట్టింపు పైనే పడుతుంది. ఇక్కడ గొడవ వేరు. రేగడి తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, వేర్లకు గాలి ఆడదు, టేకు దాన్ని ఓర్చుకోదు. ఎండాకాలంలో అదే నేల పగుళ్లిచ్చి సన్నవేర్లను తెంపేస్తుంది, ఆ పగుళ్లలోంచి లోపలి తడి కూడా ఆరిపోతుంది. గుట్ట మీద మట్టి జానెడే, కానీ కింద నల్లరాయి పగిలి ఉంటుంది, నీరు ఆ సందుల్లోకి దిగుతుంది, వేర్లూ దాని వెంటే పోతాయి. తునికిని చూడండి, వానలకు ముందే ఎండల్లో లేతాకు వేస్తుంది, బీడీలకు మనవాళ్లు కోసేది ఆ ఆకే. చుక్క వాన లేనప్పుడు ఆ తడి కింది నుంచి రావాల్సిందే.

కిన్వట్‌_పత్తిచేను:
ఇప్పుడు అర్థమైంది అన్నా. మరి గుట్ట నీళ్లను కందకంతో చేన్లోకి మళ్లిద్దామనుకున్నా, వద్దంటారా?

వాలుగట్టు:
చేన్లోకి వద్దు భయ్యా, ఉన్న నీళ్లకే అక్కడ గాలాడక చస్తున్నాయి. వాలు మీదే, వాలుకు అడ్డంగా కందకాలు తీయండి, నీరు అక్కడే ఇంకుతుంది, టేకు కావాలంటే ఆ అంచున పెట్టండి. ఆఫ్రికాలోని సోమాలిలాండ్ మైదానాల్లో చెట్లు చారలు చారలుగా ఉంటాయని 1950లో మాక్‌ఫాడియన్ అనే ఆయన విమానం ఫోటోలు చూసి రాశాడు. ఒట్టి నేల మీద పడిన వాన ఇంకకుండా జారి కింది చెట్ల పట్టీలో ఆగుతుంది, నీరు ఇంకే చోటే చెట్టు ఉంటుంది, మనిషి తవ్వకుండానే అదంతా జరిగింది. ఇక గట్ల సంగతి. నల్లతుమ్మను తీసేయకండి, రేగడిని తట్టుకునే చెట్టు అది. నీరు నిలిచే మూలల్లో ఏరుమద్ది, కానుగ పెట్టండి. ఏదైనా ఉత్తరపు గట్టు మీదైతే చలికాలం నీడ మీ పత్తి మీద పడదు, కానీ పక్క చేనాయనను ముందే అడగండి.